రాయి ముఖం తెలిసే తోలు

నెవెన్ ఇల్లు, స్టుర్సే దీవి, ఓర్క్నీ
1957 ఫిబ్రవరి 19

ఇసొబెల్,

పిన్ని తనంతట తాను ఉత్తరం రాసిందంటే ఏదో కావలసి వచ్చిందన్నమాటేనని నవ్వుకుంటావు. నవ్వుకో. కావలసే వచ్చింది.

దీవి చుట్టూ ఉన్న ఒడ్డు గోడలో మన వాటా పడిపోయింది. జనవరి ఆఖర్న వచ్చిన తుఫాను గురించి రేడియోలో వినే ఉంటావు. మూడు రోజులు తలుపు తియ్యలేదు. నాలుగో రోజు పొద్దున వెళ్ళి చూస్తే సీల్‌ల బండ దగ్గర్నుంచి గోడ దాటే మెట్ల దాకా, నా అడుగుల్లో తొంభై అడుగుల మేర, గోడన్నది లేదు. రాళ్ళన్నీ పచ్చిక మీద పడి ఉన్నాయి, ఎవరో సంచీ విప్పి బంగాళాదుంపలు కుమ్మరించినట్టు. కొన్నైతే పడుకున్న దూడంత. నేను ఏడవలేదు. ఇంత పని చేసిన చెయ్యి ఎంత పెద్దదో కదా అనుకుంటూ చాలాసేపు నిలబడిపోయాను.

నువ్వు వెళ్ళి తొమ్మిదేళ్ళయింది, మర్చిపోయావేమో, చెబుతున్నాను. గొర్రెలు గోడకి అవతల, ఒడ్డున నాచు తిని బతకాలి. గోడకి ఇవతల చేలు ఉండాలి. ఏ ఇంటి వాటా గోడ ఆ ఇల్లే నిలబెట్టుకోవాలి. అక్టోబరు లెక్కింపు నాటికి నిలబెట్టలేని ఇంటికి ఒడ్డు మీద గొర్రెల హక్కు పోతుంది. మనవి ముప్ఫైరెండు గొర్రెలు. మా అత్తగారి అత్తగారి కాలం మంద.

ఇద్దరం కట్టడం మొదలుపెట్టాం. నాకు కావలసింది గ్లౌజులు. ఇక్కడి దుకాణంలో రబ్బరువి ఉన్నాయి, గంటలో చేతులు లోపల ఉడికిపోతాయి. నూలువి మధ్యాహ్నానికల్లా చిరిగి వేళ్ళు బయటికొచ్చి పలకరిస్తాయి. తోలువి కొన్నాను. తడిసినవాటిని పొయ్యి దగ్గర ఆరబెడితే అప్పడంలా విరిగాయి. నువ్వు గ్లౌజుల ఊళ్ళో కూర్చుని తొమ్మిదేళ్ళుగా కుడుతున్నావు. మీ పిన్నికీ బాబాయికీ రెండు జతలు కుట్టి పంపలేవూ? చెయ్యి హాయిగా ఉండాలి, ఎండాకాలం దాకా మన్నాలి. రెండూ ఒకదాన్లోనే ఉండాలని అడగడం అత్యాశేమో, నీకే తెలియాలి.

మా చేతుల గీతలు గోధుమరంగు కాగితం మీద గీసి పెట్టాను. పెద్దది ఆయనది.

పడవ వెళ్ళిపోతుందని కంగారుగా,
జెమైమా పిన్ని


యోవిల్, సోమర్‌సెట్
1957 మార్చి 8

నా పిన్నీ,

నీ చేతి గీతని కత్తిరింపు బల్ల మీద పరిచాను. మా పాత కట్టర్ హ్యూబర్ట్ చూసి, "ఈవిడ చేతిలో ఎవరైనా చెంపదెబ్బ తిన్నారా?" అని అడిగాడు. "నేను తిన్నాను" అన్నాను. అప్పట్నుంచి నన్ను కొంచెం గౌరవంగా చూస్తున్నాడు. ఆయనకి డెబ్భై ఒకటి. యాభై ఏళ్ళుగా దొరసానుల వేళ్ళకి తోలు కోస్తున్నవాడు.

రెండు జతలూ ఆవుతోలువి పంపుతున్నాను. మేకతోలు మెత్తగా ఉంటుంది కానీ మీ రాళ్ళకి నెల కూడా ఆగదు. కుట్లన్నీ బయటివైపుకి వేశాను, లోపలికి వేస్తే బరువెత్తినప్పుడు కుట్టు వేలిలోకి దిగుతుంది. బొటనవేలుని పక్కకి కాకుండా కాస్త అరచేతి మీదికి తిప్పి పెట్టాను. రాయిని పట్టుకున్నప్పుడు చెయ్యి ఉండేది అలాగే కదా. మణికట్టు దాటి నాలుగు వేళ్ళ పొడవు ఉంచాను, గులకరాళ్ళు లోపల పడకుండా. వదులుగా ఉంటే హాయి అనుకుంటారు చాలామంది. కాదు. వదులు గ్లౌజులో చెయ్యి ఒకవైపు పోతే రాయి ఇంకోవైపు పోతుంది. కొత్తలో బిగుతుగా ఉంటాయి, తిట్టుకోకు. తడిసినప్పుడు పొయ్యి దగ్గర పెట్టావంటే మాత్రం నేను అక్కడికొచ్చి మరీ పోట్లాడతాను. గాలికి ఆరనివ్వు, సగం ఆరాక చేతికి తొడుక్కుని గుప్పిట మూస్తూ తెరుస్తూ ఉండు, తర్వాత గొర్రెకొవ్వు పట్టించు.

బాబాయికి ఇంకా ఆ దగ్గు ఉందా? రెండు ముక్కలు రాయమను. రెండేళ్ళుగా ఆయన చేతిరాత చూడలేదు.

ముద్దులతో,
ఇసొబెల్


నెవెన్ ఇల్లు
1957 ఏప్రిల్ 20

తల్లీ,

మొదటి వారం నీ గ్లౌజులు చెక్క గరిటెల్లా ఉన్నాయి. చెంచా పట్టుకోలేకపోయాను. రెండో వారానికి లొంగాయి. మూడో వారంలో ఒకరోజు సాయంత్రం ఇంటికొచ్చి జావ కలిపేటప్పుడు చూసుకుంటే అవి ఇంకా చేతికే ఉన్నాయి. అంతకంటే పొగడ్త నాకు రాదు.

గోడ ఇరవై అడుగుల పొడవున లేచింది. పునాదిలో ఒక రాయి కదల్లేదు ఇసొబెల్. గోడంతా పోయినా అది మాత్రం అలాగే ఉంది. దాని పొడవు మన వంటగది బల్లంత. దాని కింద అయిదు చిన్న రాళ్ళు ఎంత పొందిగ్గా ఇరికించారంటే కత్తి మొన కూడా దూరదు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. గుర్రాలు కూడా లేని కాలం అయ్యుంటుంది. ఆ రాయి మీద కూర్చుని రొట్టె తినాలంటే నాకు సిగ్గేసింది, పక్కన నేల మీద కూర్చున్నాను.

రెండు జతలూ అరిగాయి, దీంతోపాటే పంపుతున్నాను. అరచేతుల్లో అతుకు వేసి పంపు. ఈలోగా మాకు పాతవి ఉన్నాయిలే. మీ బాబాయి దగ్గు తగ్గింది. రాయడానికి బద్ధకం, ఆయన సంగతి నీకు తెలుసుగా. గ్లౌజులు బావున్నాయని చెప్పమన్నాడు.

అక్టోబర్లో అందరి గోడలూ తన్ని చూసే గోడ పెద్ద విలియం స్కోలే రెండుసార్లు ఇటు వచ్చాడు. రెండుసార్లూ టీ ఇచ్చి వంటింట్లోంచే పంపించేశాను. ఆయన మాటలు మొదలుపెడితే సముద్రానికే ఆవలింతలొస్తాయి.

పిన్ని


యోవిల్
1957 మే 4

పిన్నీ,

గ్లౌజులు అందాయి. అతుకులు వేస్తాను, కానీ ముందు ఒక మాట అడగాలి.

నేను తొమ్మిదేళ్ళుగా అరిగిన గ్లౌజులు చూస్తున్నాను. గ్లౌజు అరిగిన తీరు మనిషి నడకలాంటిది, ఒకరిది ఇంకొకరికి రాదు. నీ జత ఎడమ అరచేతిలో, చిటికెన వేలి కింద అరిగింది. నువ్వు ఏ బరువైనా ఎడమ తుంటి మీదికి ఎక్కించుకుని మోస్తావు, నీళ్ళ బకెట్టు మోసినట్టే. బాబాయి జత కూడా సరిగ్గా అక్కడే అరిగింది. ఆయన ఎడమచేత్తో ముక్కు కూడా తుడుచుకోడు. పైగా ఆయన గ్లౌజుల వేళ్ళ చివర ఊలు కుక్కి ఉంది. పెద్ద గ్లౌజుని చిన్న చేతికి సరిపెట్టుకున్నవాళ్ళు చేసే పని అది.

రెండు జతలూ వేసుకున్నది నువ్వే.

బాబాయి ఎక్కడ? ఒక్క పొడిమాట చాలు. వంటింట్లోంచే స్కోలేని ఎందుకు పంపించేస్తున్నావు? ఆ తొంభై అడుగులూ నువ్వొక్కదానివే మోస్తున్నావా?

వెంటనే రాయి.
ఇసొబెల్


యోవిల్
1957 మే 27

పిన్నీ,

మూడు పడవలు వచ్చి ఉంటాయి. నీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. నాకు నిద్ర పట్టడం లేదు. నిన్న విలియం స్కోలేకి ఉత్తరం వేశాను. వెళ్ళి బాబాయిని కళ్ళారా చూసి రాయమన్నాను. నీకు కోపం వస్తుందని తెలుసు. రానీ.

ఇసొబెల్


నెవెన్ ఇల్లు
1957 జూన్ 9

ఇసొబెల్ గారికి,

గారు అనే రాస్తున్నాను, ఎందుకంటే గోడ పెద్దకి ఉత్తరాలు రాసేంత పెద్దదానివయ్యావు.

స్కోలే నీ ఉత్తరం చేత్తో పట్టుకునే వచ్చాడు. "మాన్సీ ఎక్కడ?" అని మీ బాబాయి కోసం అడిగాడు.

"గోడ దగ్గర."

"బతికే ఉన్నాడా?"

"పొద్దున రెండు గిన్నెల జావ తాగినవాడు బతికి ఉండక ఏం చేస్తాడు?" అన్నాను. ఈసారి టీ ఇచ్చి ఆపడానికి లేకపోయింది. నేరుగా గోడ దగ్గరికి నడిచాడు. నేను వెనకాలే పరుగెత్తాను.

ఇక దాచి లాభం లేదు. మీ బాబాయికి చూపు లేదు. రెండేళ్ళు మసకగా ఉండింది, మొన్న క్రిస్మస్‌కి పూర్తిగా పోయింది. ఇక వచ్చేది కాదని కిర్క్‌వాల్ డాక్టరు చెప్పాడు. ఆయనే ఎవరికీ చెప్పొద్దన్నాడు. చెబితే ఊరు ఊరంతా వచ్చి మన గోడ కట్టేస్తుంది. మంచివాళ్ళు కాబట్టే కట్టేస్తుంది. "జాలి మీద లేచిన గోడ నాది కాదు జెమైమా" అన్నాడు. గ్లౌజుల మాట అబద్ధమే కానీ గోడ మాట నీకు అబద్ధం రాయలేదు. ఇద్దరం కడుతున్నాం అన్నాను. ఇద్దరమే కడుతున్నాం.

ఎలాగో విను. పడ్డచోటి నుంచి రాళ్ళని నేను చేరవేస్తాను. చిన్నవి తుంటి మీద, పెద్దవి గునపంతో దొర్లించి, పచ్చిక మీద వరసలుగా పేరుస్తాను. ఆయన గోడలో ఖాళీని రెండు చేతులతో తడుముతాడు. అంచు, లోతు, వాలు అన్నీ. చిన్నపిల్ల ముఖం తడిమినట్టు. తర్వాత వరసల దగ్గరికొచ్చి ఒక్కో రాయినీ ముట్టుకుంటూ పోతాడు. ఇది కాదు, ఇది కాదు. ఒకచోట ఆగుతాడు. ఎత్తుతాడు. తీసుకెళ్ళి పెడతాడు. అది కూర్చుంటుంది. ఒక్కసారికే కూర్చుంటుంది ఇసొబెల్! రెండోసారి తిప్పి పెట్టడం నేను చూడలేదు. కళ్ళున్నప్పుడు ఆయన ఇంత బాగా కట్టలేదు. మొదటి వారం నాకు భయమేసింది, ఏదో చూడకూడనిది చూస్తున్నట్టు.

స్కోలే ఇరవై అడుగుల దూరంలో ఆగిపోయాడు. అరగంట అలాగే నిలబడ్డాడు. అంతసేపు ఆయన నోరు మూసుకుని ఉండడం దీవిలో ఎవరూ ఎరుగరు. చివరికి టోపీ తీశాడు. చూడలేని మనిషి ముందు టోపీ తీసి నిలబడ్డాడు.

మీ బాబాయి పని ఆపకుండానే అన్నాడు, "ఎవరది? ఊపిరి వినిపిస్తోంది."

"నేనే, విలియంని."

"చూస్తున్నావా?"

"చూస్తున్నా మాన్సీ."

"మంచిది. ఇద్దర్లో ఒకడు చూస్తే చాలు."

వెళ్ళేటప్పుడు స్కోలే నాతో, "అక్టోబర్లో అందరి గోడల్లాగే మీ గోడ మీద కూడా నడుస్తాను. అందరిదీ తన్నినంత గట్టిగానే తన్నుతాను. తక్కువ తన్నితే వాడికి అవమానం" అన్నాడు. ఎవరికీ చెప్పనని కూడా అన్నాడు. చెప్పకుండా ఉండలేడు. పాపం, వారంలో అందరికీ తెలిసిపోయింది. కానీ ఎవరూ సాయానికి రాలేదు. స్కోలే వాళ్ళకి ఏం చెప్పాడో మరి. దూరంగా నిలబడి చూసి వెళ్ళిపోతున్నారు.

ఆయనకి నీ గ్లౌజులు ఇచ్చి చూశాను. విసిరేశాడు. "కళ్ళు పోయాయి, ఇప్పుడు చేతులకి కూడా గంతలు కట్టమంటావా?" అన్నాడు. అందుకే రెండు జతలూ నేను వేసుకున్నాను. వట్టి చేతులతో కడుతున్నాడు. వేళ్ళు చీలిపోయాయి. వాటిలోకి ఉప్పునీరు దిగుతోంది. రాళ్ళ మీద రక్తపు మరకలు నాకు కనిపిస్తాయి, ఆయనకి కనిపించవు. అదొక్కటే అదృష్టం. ఇంకా యాభై అడుగులుంది. ఆ చేతులు అంతదాకా రావు.

నీ మీద కోపం సగం తగ్గింది.
జెమైమా


యోవిల్
1957 జూలై 1

పిన్నీ,

నేను ఏమనుకున్నానో నీకు చెప్పనులే. ఆ ఉత్తరం చదివి వర్క్‌షాపు వెనక పెరట్లోకెళ్ళి ఏడ్చాను, తర్వాత అక్కడే ఉన్న రాళ్ళు ఏరుకొచ్చాను.

హ్యూబర్ట్‌కి అంతా చెప్పాను. తల అడ్డంగా ఊపి, "మందం పట్టుకుంటే స్పర్శ పోతుంది. స్పర్శ పట్టుకుంటే మందం పోతుంది. ఈ రెండూ ఒకే తోలులో దేవుడు పెట్టలేదమ్మాయ్" అన్నాడు. "అయితే రెండు తోళ్ళు తీసుకుందాం" అన్నాను.

రుమాలుతో నా కళ్ళు కట్టమన్నాను. గుర్రపుతోలు, జింకతోలు, దుప్పితోలు, దూడతోలు, ఒక్కోటీ తొడుక్కుని రాళ్ళు తడిమాను. మందపాటివి వేసుకుంటే అన్ని రాళ్ళూ ఒకే రాయి. ఆఖరికి దొరసానుల సాయంత్రపు గ్లౌజులకి వాడే మేకపిల్ల తోలు వేసుకున్నాను. అక్కడ ఏదో జరిగింది పిన్నీ. రాయికి ముఖం ఉంది. ఒకవైపు నిద్రపోతున్నట్టు చదునుగా, ఒకవైపు ముడుతలు, ఒక మూల ఎదురుచూస్తున్నట్టు ముందుకి వచ్చి. ముప్ఫై ఒక్కేళ్ళొచ్చి నేను రాయిని ఎప్పుడూ చూడలేదని అప్పుడు తెలిసింది. రుమాలు విప్పితే అది మళ్ళీ వట్టి రాయే. మళ్ళీ కట్టమన్నాను. హ్యూబర్ట్ నవ్వి, "ఇటివ్వు" అని తనూ కట్టించుకున్నాడు. తర్వాత ఆయన నవ్వలేదు.

అందుకని ఇలా కుట్టాను. అరచెయ్యి, చెయ్యి అంచు, వేళ్ళ పక్కలు గుర్రపుతోలు. అది బరువు మోస్తుంది. వేళ్ళ చివరి కణుపులు మాత్రం మేకపిల్ల తోలు, లోపల అస్తరు లేకుండా. వేలి మెత్త మీద ఒక్క కుట్టు కూడా లేదు, కుట్లన్నీ గోళ్ళ వైపుకి పంపేశాం. దానికి హ్యూబర్ట్ మూడుసార్లు కోసి మూడుసార్లూ పారేశాడు. ఆ చివళ్ళు త్వరగా అరుగుతాయి. అరగాల్సిందే. అందుకే ఇంకో ఆరు జతల చివళ్ళు కోసి పంపుతున్నాను, నువ్వు కుట్టగలవు. సూది బెజ్జాలు ముందే గుచ్చి పెట్టాను. పుళ్ళు మానేదాకా లోపల కొవ్వు పట్టించు.

ఆయన విసిరేస్తే, ఒక్క రాయిని తడిమాక విసిరెయ్యమను.

ఇసొబెల్


నెవెన్ ఇల్లు
1957 ఆగస్టు 18

బంగారు తల్లీ,

విసరలేదు.

"ఇంకో గంతా?" అన్నాడు. "ఒక్క రాయి తడిమి చూడు, తర్వాత సముద్రంలో పారెయ్యి" అన్నాను. తొడుక్కున్నాడు. ఒక రాయి మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయాడు. చెయ్యి తీసి రెండో రాయి, మూడో రాయి. "ఇది ఎవరు కుట్టారు?" అన్నాడు, ఎవరు కుట్టారో తెలిసే. "నీ కూతురిలాంటిది" అన్నాను. గోడ వైపుకి తిరిగిపోయాడు. ఆయన భుజాలు చూసి నేను రాళ్ళు తేవడానికి వెళ్ళాను, కాసేపు ఆలస్యంగానే తిరిగొచ్చాను.

చివళ్ళు తొమ్మిది రోజులు వస్తున్నాయి. పదో రోజు నేను కొత్తవి కుడతాను. నా కుట్లు నీ కుట్ల పక్కన గొర్రె నడిచినట్టుంటాయి. వేళ్ళు మానాయి, కొత్త చర్మం గులాబీ రంగులో వచ్చింది. నిన్న పెద్ద రాయి ఒకటి ఎత్తి, "జెమైమా, ఇందులో గవ్వ ఉంది" అన్నాడు. చూస్తే నిజంగానే రాయి మధ్యలో రాయైపోయిన గవ్వ, గోరంతది. ఎన్ని వేల ఏళ్ళదో మరి. నేను ఆ రాయిని రెండుసార్లు మోశాను, నాకు కనబడలేదు.

ఒక్క విషయానికి పోట్లాడాం. ఆయన రాళ్ళ మధ్య సందులు వదులుతున్నాడు, చెయ్యి దూరేంత. సముద్రం వైపు మరీ ఎక్కువ. స్కోలే వాళ్ళ గోడ చూడు, కోడిగుడ్డులా ఎంత నున్నగా మూసేశారో అన్నాను. "దాన్ని రానివ్వాలే" అన్నాడు. ఇంకేం చెప్పలేదు. నాకు అది పొరపాటనే అనిపిస్తోంది. ఎంతైనా కళ్ళు లేని మనిషి. ఈ మాట నీకు తప్ప ఎవరికీ అనలేను.

పిన్ని


నెవెన్ ఇల్లు
1957 నవంబరు 12

ఇసొబెల్,

కాగితాలు సరిపోతాయో లేదో, మొత్తం ఒకేసారి రాస్తున్నాను.

అక్టోబరు తొమ్మిదికి ఆఖరి రాయి పెట్టాడు. పదకొండున స్కోలే వచ్చి గోడ మీద ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచాడు. ప్రతి మూడడుగులకీ ఆగి మడమతో తన్నాడు. ఎంత గట్టిగా తన్నాడంటే మీ బాబాయి ముఖంలో సంతోషం కనిపించింది. కిందికి దిగి, "ఒక్కటీ కదల్లేదు. కానీ ఈ సందులేమిటి మాన్సీ?" అన్నాడు. మీ బాబాయి భుజాలెగరేశాడు. మంద మనదే అయింది.

పోయిన బుధవారం సముద్రం మళ్ళీ వచ్చింది. జనవరిదానికంటే పెద్దది. పొద్దున పదింటికి ఆకాశం ఇనుము రంగుకి తిరిగింది. పదకొండుకి అందరం బయటే ఉన్నాం. ఇంట్లో ఎవరు కూర్చోగలరు? అల లేస్తే దాని వెనక దీపస్తంభం కనబడలేదు. లేచి, ఆగి, ఆలోచించి పడినట్టు పడేది. నేల అదిరేది. స్కోలే వాళ్ళ నున్నటి గోడ మొదటి అరగంటలోనే పోయింది. విరగలేదు, మొత్తంగా ఒరిగి పడిపోయింది, తలుపు తోసినట్టు. దాని పక్కది కూడా పోయింది. తర్వాత మనది.

అల మన గోడని కొట్టింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి గోడ లోపలివైపు నుంచి, ప్రతి సందులోంచీ, సన్నటి నీటి దారలు, వందలు, తొంభై అడుగుల పొడుగునా, దువ్వెన పళ్ళల్లా బయటికొస్తున్నాయి. అంత పెద్ద సముద్రం దారాలు దారాలుగా విడిపోయి పచ్చిక మీద పడి ఊరుకుంది. ఇంకో అల. మళ్ళీ దారాలు. నేను మోసిన ప్రతి రాయీ ఎక్కడ పెట్టినది అక్కడే ఉంది. పొరపాటనుకున్నది నేను. ఆ సంగతి ఆయనకి అక్కడే, అరిచి చెప్పాను. గాలికి వినిపించిందో లేదో.

మీ బాబాయి నా చెయ్యి వదిలించుకుని గోడ దగ్గరికి నడిచాడు. "మాన్సీ, రా వెనక్కి!" అని స్కోలే అరిచాడు. ఆయన వినలేదు. గ్లౌజులు తీసి చంకలో పెట్టుకుని రెండు అరచేతులూ రాళ్ళకి ఆనించాడు. నుదురు కూడా ఆనించాడు. నీళ్ళు ఆయన మోచేతుల మీదుగా కారుతున్నాయి. అల కొట్టిన ప్రతిసారీ నవ్వాడు. పసిపిల్లాడు నవ్వినట్టు.

స్కోలే వెళ్ళాడు, ఆయన్ని లాక్కొద్దామనే అనుకుంటాను. పక్కన నిలబడి ఒక చెయ్యి గోడకి ఆనించాడు. ఇక రాలేదు. తర్వాత మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే, ఎవరూ ఎవరినీ పిలవకుండానే. గోడ పోగొట్టుకున్నవాళ్ళు కూడా. ఇరవైమందిమి ఉంటాం, వానలో వరసగా, రాతికి చేతులు ఆనించి. చూస్తే ఒక్కరి కళ్ళు కూడా తెరిచి లేవు.

నేనూ మూసుకున్నాను. ఇసొబెల్, అది కదులుతుంది. నిలబడి ఉండే గోడ కదలదనుకున్నాను ఇన్నాళ్ళూ. ప్రతి రాయీ పక్క రాయిలోకి ఒక వెంట్రుకంత జరిగి, నీటిని పోనిచ్చి, మళ్ళీ తన చోటుకి వచ్చి కూర్చుంటుంది. పడుకున్న పెద్ద జంతువు పక్కటెముకల మీద చెయ్యి వేసినట్టుంది. మేము ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు.

పిన్ని